పాత జెన్‌కు ఎల్ఈడీలు వేశాక వచ్చిన తంటాలు: వైరింగ్ కిట్ మార్చే ముందు ఎర్త్ చూడండి

తమ్ముడూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. 2003 మోడల్ మారుతి జెన్ కారు. ఉండేది చిత్తూరులో, వారానికి రెండు మూడు సార్లు తిరుపతి నుంచి రాత్రిపూట తిరిగొస్తారు. నెల కిందట ఆన్‌లైన్‌లో ఎల్ఈడీ సెట్టు తెప్పించి హెడ్‌లైట్లు, బ్రేకు లైట్లు, ఇండికేటర్లు అన్నీ ఒక్కరోజే మార్చేశారు. అప్పట్నుంచి ఇండికేటర్ గబగబా కొట్టుకుంటోంది. బ్రేకు తొక్కితే మీటరులో లైట్లు సన్నగా వెలుగుతున్నాయి. ఎడమ ఇండికేటర్ వేస్తే ఎడమ వెనక లైటు మినుకుమినుకుమంటోంది. హై బీమ్ వేసినా మీటరులో నీలం లైటు రావడం లేదు. ఎదురొచ్చేవాళ్లంతా డిప్పర్ కొడుతున్నారు. ఎఫ్ఎంలో జుయ్‌మని శబ్దం. షాపులో చూపిస్తే "వైరింగ్ మొత్తం పోయింది, కిట్ మార్చాల్సిందే" అన్నారు.

కిట్ జోలికి పోకండి. తిరుపతిలో రేణిగుంట రోడ్డు పక్కన ఆటో ఎలక్ట్రికల్ షెడ్డు పెట్టి నాకు ఇరవై ఆరేళ్లయింది. నిజంగా కిట్ మొత్తం మార్చక తప్పని కార్లు ఇన్నేళ్లలో వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. ఎలుకలు కొరికినవి రెండు, ఒకటి 2021 నవంబరు వానల్లో సీటుదాకా నీళ్లలో మునిగింది. మీ బండి కథ అది కాదు. మీ బండిలో ఎప్పట్నుంచో ఉన్న ఒక లోపం ఇప్పుడు బయటపడింది. దానికి ఎల్ఈడీ తెచ్చిన రెండు మూడు తలనొప్పులు కలిశాయి. అన్నీ ఒకేరోజు మార్చారు కాబట్టి ఏది దేనివల్లో తెలియక టెన్షన్ పడుతున్నారు.

పాత బల్బులు పారేయలేదు కదా? పారేసి ఉంటే 21 వాట్ల సింగిల్ బల్బు ఒకటి, బ్రేకుకూ పార్కింగ్‌కూ కలిపి ఉండే 21/5 డబుల్ బల్బులు రెండు, హెడ్‌లైటుకు హెచ్4 హాలోజెన్ జత ఒకటి కొనుక్కోండి. ఇవి లేకుండా ఈ పని చెయ్యలేరు, ఎందుకంటే మీ టెస్టర్ అవే. 21 వాట్ల బల్బు సుమారు 1.75 ఆంపియర్లు లాగుతుంది. దాని స్థానంలో మీరు పెట్టిన ఎల్ఈడీ 0.2, 0.3 ఆంపియర్లకు మించి లాగదు. తుప్పుపట్టిన జాయింటు గుండా అంత కొంచెం కరెంటు ఎలాగోలా దూరిపోతుంది, మనకు బాగున్నట్టే కనిపిస్తుంది. మల్టీమీటరూ అంతే. హోల్డర్‌లో బల్బు లేకుండా రెండు కొనలు పెడితే, ఒక్క రాగి పోగు మీద వేలాడుతున్న వైరు కూడా పన్నెండు వోల్టులు చూపిస్తుంది. అది చూసి "వోల్టేజీ వస్తోంది, వైరింగ్ బాగుంది" అనేవాళ్లు, అదే మీటరు పట్టుకుని "వైరింగ్ పోయింది" అనేవాళ్లు ఇద్దరూ నాకు తెలుసు. బరువు మోయించకుండా ఎద్దు సత్తా తెలియదు. పాత బల్బు పెట్టి, వెలిగించి, అప్పుడు కొలవాలి.

కాబట్టి మొదటి పని, వెనక రెండు వైపులా పాత బల్బులు తిరిగి పెట్టడం. డిక్కీ తెరిచి ఎడమ లైటు వెనకున్న కవరు, కార్పెట్ పక్కకు తీయండి. లైటు హోల్డర్ల నుంచి ఒక నల్ల వైరు వచ్చి బాడీకి ఒక స్క్రూతోనో బోల్టుతోనో బిగించి ఉంటుంది. అదే ఎర్త్. మీ ఎడమ ఇండికేటరుకూ వెనక లైటుకూ ఉన్న గొడవకు నేను మొదట అనుమానించేది దాన్నే.

పోయిన బ్రహ్మోత్సవాలకు ముందు పాకాల నుంచి ఒక పాత వ్యాగన్ ఆర్ ఇదే లక్షణంతో వచ్చింది. ఇండికేటర్ వేస్తే వెనక లైటు దానితోపాటు తాళం వేస్తోంది. డిక్కీలో స్టెప్నీ తీసి, పక్కకు పడుకుని టార్చి వేసి చూస్తే ఎర్త్ బోల్టు గట్టిగానే ఉంది, స్పానరుకు కదల్లేదు. యజమాని "చూశారా, బాగానే ఉంది" అన్నాడు. మల్టీమీటరు నల్ల కొనను పొడుగు వైరుతో బ్యాటరీ నెగెటివ్‌కు కలిపి, ఎర్ర కొనను బల్బు హోల్డర్ బయటి రేకుకు ఆనించి, బ్రేకు తొక్కమన్నాను. 3.4 వోల్టులు. ఎర్త్ అయిన చోట సున్నా రావాలి, మహా అయితే 0.1 లేదా 0.2. అంటే బల్బుకు అందాల్సిన పన్నెండులో మూడుకు పైగా ఆ బోల్టు దగ్గరే తినేస్తోంది. బోల్టు ఊడదీస్తే కింద రింగు టెర్మినల్ చుట్టూ పచ్చటి చిలుము, రేకు మీద పెయింటు లోపలికి పాకిన తుప్పు. వానాకాలంలో డిక్కీ రబ్బరు పక్కనుంచి నీళ్లు కారి అక్కడే నిలుస్తున్నాయి. ఉప్పు కాగితంతో రేకు తళతళలాడేదాకా రుద్ది, కొత్త రింగు టెర్మినల్ పెట్టి, బిగించాక పైన గ్రీజు పూశాను. మళ్లీ బ్రేకు తొక్కితే 0.05. పది నిమిషాల పని. వాళ్లకూ అంతకుముందు ఎవరో కిట్ మార్చమనే చెప్పారట.

మీరూ ఇదే కొలత తీయండి, రెండు వైపులా. గ్రీజు మాత్రం బిగించిన తర్వాతే, ముందు పూస్తే మళ్లీ మొదటికొస్తుంది.

బ్రేకు తొక్కితే డ్యాష్‌బోర్డు మీటరు లైట్లు వెలగడానికి రెండు కారణాలున్నాయి. రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి కాబట్టి వరుస తప్పకూడదు. మొదటిది ఇదే చెడ్డ ఎర్త్. బ్రేకు ఫిలమెంటు, అంటే బల్బులో వెలిగే తీగ, దాని గుండా వచ్చిన కరెంటుకు కిందికి దారి దొరక్కపోతే, అదే బల్బులో ఉన్న రెండో ఫిలమెంటు గుండా వెనక్కి తన్ని పార్కింగ్ లైట్ల లైనులోకి పోతుంది. మీటరు లైట్లు ఆ లైనులోవే. రెండోది చౌకరకం డబుల్ ఎల్ఈడీ. లోపల బ్రేకు లైనుకూ పార్కింగ్ లైనుకూ మధ్య అడ్డుగా, కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్ ఉండాలి. కొందరు తయారీదార్లు అది కూడా మిగుల్చుకుంటారు. అప్పుడు బ్రేకు కరెంటు తిన్నగా పార్కింగ్ లైనులోకి కారుతుంది.

ఎర్త్ శుభ్రం చేశాక పాత బల్బులతో బ్రేకు తొక్కి చూడండి. మీటరు చీకటిగా ఉంటే ఎడమ ఎల్ఈడీ ఒక్కటే పెట్టి చూడండి, తర్వాత అది తీసి కుడిది. ఏది పెట్టినప్పుడు మీటరు వెలిగితే దొంగ అదే. వేరే రకం కొనండి, దాన్ని బాగుచేయాలని చూడకండి. కొనేటప్పుడు వెనక్కి ఎరుపు ఎల్ఈడీయే తీసుకోండి. తెల్ల ఎల్ఈడీ వెలుగులో ఎరుపు పాలు తక్కువ, ఎర్ర అద్దం వెనక పెడితే గులాబీ రంగు కొడుతుంది. పార్కింగ్‌కూ బ్రేకుకూ వెలుగులో తేడా స్పష్టంగా ఉందా అని పది అడుగుల వెనక నిలబడి ఎవరితోనైనా తొక్కించి చూడండి, అదీ పగలే. కొన్ని సెట్లలో ఆ తేడా రాత్రి మాత్రమే తెలుస్తుంది. పగలు వెనకొచ్చే వాడికి మీరు బ్రేకు వేసినట్టే అర్థం కాదు.

ఇండికేటర్ గబగబా కొట్టుకోవడం లోపమే కాదు. ఇండికేటర్‌ను కొట్టించే డబ్బా, ఫ్లాషర్, తన పని తాను చేస్తోంది. పాత ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ తన గుండా పోయే కరెంటును గమనిస్తూ ఉంటుంది. ఒక బల్బు మాడిపోతే కరెంటు తగ్గుతుంది, అది డ్రైవరుకు తెలియాలని వేగం పెంచుతుంది. మీరు అన్నీ ఎల్ఈడీలు పెట్టారు, అది బల్బులు పోయాయనుకుంటోంది. ఇంకా పాతకాలం వేడి రేకు ఫ్లాషర్ అయితే దీనికి తలకిందులు. రేకు వేడెక్కేంత కరెంటు రాక నెమ్మదిగా కొడుతుంది, లేదా అసలు కొట్టదు. మీది వేగంగా కొడుతోంది కాబట్టి ఎలక్ట్రానిక్ రకమే.

దీనికి షాపుల్లో ఇచ్చే మందు రెసిస్టర్. ఆరు ఓంలది, యాభై వాట్లది, బంగారు రంగు రేకుతో ఉంటుంది. ఇండికేటర్ లైనుకు పక్కన కలిపితే ఫ్లాషర్ మోసపోయి మామూలుగా కొడుతుంది. పని చేస్తుంది, కాదనను. కానీ ఇంజిను ఆన్‌లో ఉంటే 14 వోల్టులు, ఆరు ఓంలు, అంటే వెలిగిన ప్రతిసారీ 32 వాట్ల దాకా ఉత్త వేడి. హజార్డ్ (నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి) వేసి పావుగంట నిలబడితే ముట్టుకోలేరు. ఒక బండిలో దాన్ని టేపుతో వైరు కట్టకే చుట్టేశారు. పక్కనున్న నాలుగు వైర్ల ఇన్సులేషన్ పాకంలా కరిగిపోయి నా దగ్గరికొచ్చింది. పెట్టక తప్పకపోతే బాడీ రేకుకు స్క్రూతో బిగించాలి. ప్లాస్టిక్కుకూ వైర్లకూ దూరంగా ఉండాలి.

నేనైతే ఫ్లాషరే మారుస్తాను. ఇండికేటర్ వేసి స్టీరింగ్ కింద డ్యాష్‌బోర్డు లోపలికి చెయ్యి పోనిచ్చి, టిక్‌టిక్ వేళ్లకు తగిలే డబ్బా ఏదో పట్టుకోండి. అదే ఫ్లాషర్. పీకి చేతిలో పట్టుకుని షాపుకు వెళ్లండి, కారు పేరు చెప్పి అడగకండి. దాని మీద బి, ఎల్, ఇ అనో, 49, 49ఎ, 31 అనో ఉంటుంది. బి అన్నా 49 అన్నా బ్యాటరీ నుంచి వచ్చేది, ఎల్ అన్నా 49ఎ అన్నా లైట్లకు పోయేది, ఇ లేదా 31 ఎర్త్. కాళ్లు ఎన్ని, ఏది ఎక్కడ అన్నది సరిపోలిన ఎల్ఈడీ ఫ్లాషర్ అడగండి. బైకు ఫ్లాషర్ అంటగడితే వద్దనండి. రేపు మీరు మళ్లీ మామూలు బల్బులు వేసి హజార్డ్ నొక్కితే నాలుగు ఇరవయ్యొక్క వాట్లు కలిపి దాని మీద పడతాయి, తట్టుకోవాలి. ఒక నష్టం మాత్రం ఒప్పుకోవాలి. ఎల్ఈడీ ఫ్లాషర్ వేశాక బల్బు పోయినా అది చెప్పదు. పండక్కీ పబ్బానికీ మీరే బండి చుట్టూ తిరిగి చూసుకోవాలి.

మీకు వర్తించకపోవచ్చు గానీ, చదివే మరొకరికి పనికొస్తుందని రాస్తున్నా. కొన్ని పాత డ్యాష్‌బోర్డుల్లో ఎడమకూ కుడికీ కలిపి ఒకటే ఇండికేటర్ బల్బు ఉంటుంది. అది ఒక వైపు నుంచి కరెంటు తీసుకుని, రెండో వైపు బల్బుల గుండా ఎర్త్ వెతుక్కుంటుంది. అన్నీ ఎల్ఈడీలు చేస్తే ఎటు తిప్పినా నాలుగూ కొట్టుకుంటాయి. ఫ్లాషర్ మార్చినా పోదు. ఆ చిన్న బల్బుకు రెండు వైపుల నుంచీ ఒక్కో 1ఎన్4007 డయోడ్ ద్వారా కరెంటిచ్చి, రెండో కాలును నేరుగా ఎర్త్ చెయ్యాలి.

ఇక హెడ్‌లైట్లు. ఇక్కడ నా మాట మీకు నచ్చకపోవచ్చు.

ముందు నీలం లైటు సంగతి. చాలా జపాన్ తరహా వైరింగుల్లో హెడ్‌లైటుకు ఎర్త్ శాశ్వతంగా ఉండదు. పాజిటివ్ ముందే వచ్చి ఉంటుంది, డిప్పర్ స్విచ్ మార్చేది నెగెటివ్‌ను. ఇలాంటి కొన్ని బండ్లలో నీలం లైటును లో బీమ్ పిన్నుకూ హై బీమ్ పిన్నుకూ మధ్య కలుపుతారు. హై వేసినప్పుడు ఖాళీగా ఉన్న లో ఫిలమెంటు గుండా పాజిటివ్ వచ్చి అది వెలుగుతుంది. ఎల్ఈడీలో ఫిలమెంటు లేదు, ఆ దారి లేదు. మీది ఈ రకమో కాదో ఊహించక్కర్లేదు. హెడ్‌లైటు కప్లర్ (బల్బు వెనక గుచ్చే ప్లగ్గు) పీకి, లైట్ల స్విచ్ ఆన్ చేసి, మీటరు నల్ల కొన బ్యాటరీ నెగెటివ్‌కు పెట్టి మూడు పిన్నులూ ఒక్కొక్కటిగా కొలవండి. డిప్పర్ ఎటు తిప్పినా ఒక పిన్నులో పన్నెండు వోల్టులు అలాగే ఉంటే మీది నెగెటివ్ స్విచింగ్. ఆ రకానికి వేరే అడాప్టర్లు దొరుకుతాయి. హాలోజెన్ తిరిగి పెట్టగానే నీలం లైటు కూడా తిరిగొస్తే మీ వైరింగులో ఏ లోపమూ లేనట్టే.

ఎదురొచ్చేవాళ్ల డిప్పర్ సంగతి పెద్దది. హెచ్4 హాలోజెన్‌లో లో ఫిలమెంటు కింద చిన్న గరిటెలాంటి రేకు ఉంటుంది. వెలుగును రిఫ్లెక్టర్ (బల్బు చుట్టూ ఉన్న మెరిసే గిన్నె) పైసగం మీదే పడేలా ఆపేది అది. అందుకే గోడ మీద వెలుగు ఒక గీత దగ్గర తెగినట్టు ఆగుతుంది. మనది ఎడమ వైపు ప్రయాణం కాబట్టి ఆ గీత ఎడమకు కాస్త పైకి లేస్తుంది. రిఫ్లెక్టర్ వంపు మొత్తం ఆ ఫిలమెంటు ఉన్న చోటును బట్టి గీసింది. ఎల్ఈడీ చిప్పులు అచ్చం అదే చోట, అదే సన్నదనంలో ఉంటే తప్ప గీత నిలవదు. చిప్పులు గడియారంలో మూడూ తొమ్మిదీ ఉన్న వైపులకు చూడాలి. కాస్త తిరిగి కూర్చున్నా వెలుగు ఆకాశానికీ ఎదుటివాడి కళ్లకూ పోతుంది.

సాయంత్రం చదునైన చోట గోడకు 25 అడుగుల దూరంలో బండి పెట్టండి. హెడ్‌లైటు మధ్యభాగం ఎత్తును గోడ మీద సుద్దతో గీయండి. లో బీమ్ వెలుగు పై అంచు ఆ గీతకు సుమారు మూడు అంగుళాల కింద ఆగాలి. ఒకవైపు హాలోజెన్, ఇంకోవైపు మీ ఎల్ఈడీ పెట్టి చూస్తే నేనింకేమీ చెప్పక్కర్లేదు.

కొండకు వెళ్లొచ్చినప్పుడు ఎవరూ ఏమీ అనలేదని రాశారు. తిరుమల ఘాట్ రోడ్లలో ఎక్కేదారి వేరు, దిగేదారి వేరు, ఎదురు బండే రాదు. అక్కడ మీ వెలుగు ముందు పోయేవాడి అద్దంలో పడుతుంది, వాడు తిట్టుకున్నా మీకు వినపడదు. అదే భాకరాపేట ఘాట్‌లోనో మొగిలి ఘాట్‌లోనో మలుపు మీద ఎదురుగా లారీ వస్తే తెలుస్తుంది. రెండు క్షణాలు ఆ డ్రైవరుకు రోడ్డు కనపడదు, ఆ రెండు క్షణాలూ ఆ లారీ మీ వైపే వస్తూ ఉంటుంది.

"మరి నాకు రోడ్డు కనపడొద్దా?" అంటారు. కనపడాలి. మామిడి సీజన్లో తోతాపురి లోడుతో వెనక లైటు లేకుండా పోయే ట్రాక్టర్లను పూతలపట్టు దారిలో నేనూ చూశాను. కానీ మీ హాలోజెన్లు మసకగా ఉన్నది హాలోజెన్లు కావడం వల్ల కాదు. పాత బండ్లలో చాలావాటికి హెడ్‌లైట్ రిలే, అంటే కొంచెం కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే డబ్బా, ఉండదు. రెండు బల్బుల తొమ్మిది పది ఆంపియర్లూ స్టీరింగ్ పక్కనున్న స్విచ్ గుండా పోయి రావాల్సిందే. ఇరవై ఏళ్లలో ఆ స్విచ్ లోపలి పాయింట్లు నల్లబడతాయి. ఫిలమెంటు బల్బుకు వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు ముప్పై శాతం దాకా పడిపోతుంది. ఇంజిను ఆన్‌లో పెట్టి, హాలోజెన్ వెలుగుతుండగా కప్లర్ వెనకనుంచి కొలవండి. బ్యాటరీ దగ్గర 14 ఉండి అక్కడ 11.8 వస్తే మీ బల్బు సగానికి కాస్త పైన మాత్రమే వెలుగుతోందని అర్థం. పక్క స్టాండులో కారు చూసి "ఆ లైటు చూడండి, నా లైటు చూడండి" అని ఎల్ఈడీ కొనేవాళ్లలో చాలామందికి కావాల్సింది రిలే.

లో బీమ్‌కు ఒకటి, హై బీమ్‌కు ఒకటి, రెండు రిలేలు చాలు. రిలే కాళ్ల పక్కన నంబర్లుంటాయి. బ్యాటరీ పాజిటివ్ దగ్గరే 15 ఆంపియర్ల ఫ్యూజు ఒక్కోదానికి. అక్కడినుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు రిలే 30కి, 87 నుంచి బల్బుకు. పాత కప్లర్ ఇక 85, 86లను మాత్రమే నడుపుతుంది, స్విచ్ మీద బరువు దాదాపు ఉండదు. బల్బు ఎర్త్ కూడా కొత్తగా తిన్నగా బాడీకి వేయండి. ఫ్యూజు మాత్రం వైరు మధ్యలో ఎక్కడో కాదు, బ్యాటరీ పక్కనే ఉండాలి. 60/55 వాట్ల మంచి హాలోజెన్ వేసి, రిఫ్లెక్టర్ వెండి పూత ఊడిపోయి ఉంటే అదీ మార్చి, అప్పుడొక రాత్రి నడపండి. కొత్త బల్బు గాజును ఒట్టి చేత్తో ముట్టుకోకండి. వాట్లు ఎక్కువంటూ 100/90 బల్బులు అంటగట్టేవాళ్లుంటారు, అవీ వద్దు, హోల్డర్ మాడుతుంది.

ఎల్ఈడీలో ఇంకో చిక్కు ఉంది, వేడి. బల్బు వెనక ఫ్యానును రబ్బరు కవరు మూసేస్తే గాలాడదు. ఎండాకాలంలో మన ఊళ్లో చీకటి పడ్డాక కూడా బానెట్ కింద కాగుతూనే ఉంటుంది. ఇంటినుంచి బయల్దేరినప్పుడు ధగధగా వెలిగి, చంద్రగిరి వచ్చేసరికి మసకబారిందంటే అది తనను తాను కాపాడుకోవడానికి వెలుగు తగ్గించుకుంది. కవరు తీసేస్తే వాన నీళ్లు లోపలికి పోతాయి.

ఎఫ్ఎం శబ్దం కూడా హెడ్‌లైట్ ఎల్ఈడీలకు కరెంటిచ్చే డ్రైవర్ సర్క్యూట్ల నుంచే అయి ఉంటుంది. లైట్లు ఆపగానే ఆగిపోతే అనుమానమే అక్కర్లేదు. హాలోజెన్‌కు తిరిగొస్తే దానంతటదే పోతుంది. లైట్లు ఆపినా ఇంజిను వేగంతోపాటు శబ్దం పెరుగుతుంటే బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ చూడాలి. మల్టీమీటరును ఏసీ వోల్టులకు తిప్పి, ఇంజిను నడుస్తుండగా బ్యాటరీ మీద పెట్టండి. అర వోల్టు దాటితే లోపలి డయోడ్ ఒకటి పోయినట్టు అనుమానించండి. ఇది కూడా ఎల్ఈడీలను మినుకుమనిపిస్తుంది. ఫిలమెంటు బల్బు చల్లారేలోపే మళ్లీ వేడెక్కుతుంది కాబట్టి దాంట్లో తెలియదు.

మరో సంగతి. మీ బండికి పదిహేనేళ్లు దాటాయి, ఆర్‌సీ ఐదేళ్లకోసారి రెన్యువల్. 2003 బండికి మళ్లీ 2028లో పడుతుంది. అప్పుడు లైట్లు చూస్తారు. బండితో వచ్చిన హోల్డర్లు, కప్లర్లు కోసి పారేయకుండా ఉంచుకోండి.

ఈ ఆదివారం మిగతావన్నీ పక్కన పెట్టి మూడు రీడింగులు తీయండి. 21 వాట్ల బల్బు వెలుగుతుండగా ఎడమ వెనక ఎర్త్ ఎంత, కుడి ఎంత, హాలోజెన్ వెలుగుతుండగా హెడ్‌లైటు కప్లర్ దగ్గర ఎంత. ఎడమ ఎర్త్ రీడింగ్ అర వోల్టు దాటితే బోల్టు ఊడదీసి ఫోటో తీసి పెట్టండి. ఆ స్క్రూ రాకుండా తిరుగుతుంటే బలవంతం చేయకండి, దాన్ని అలాగే వదిలేసి పక్కనే రేకు గీకి కొత్త చోట ఎర్త్ ఇవ్వొచ్చు. హెడ్‌లైటు రీడింగ్ వచ్చాక రిలేలు ఎక్కడ బిగించాలో బొమ్మ గీసి పెడతాను.